నిద్ర వేరు, మత్తు వేరు

"నల్లమందు భాయి" అనే మాట మనకు పాతదే. కూర్చున్నచోటే జోగేవాణ్ణి, పిలిస్తే పలకనివాణ్ణి అలా అంటాం. నల్లమందుకీ నిద్రకీ ముడిపెట్టడం మన ఒక్కరి అలవాటే కాదు, లోకమంతా చేసిన పనే. 20వ శతాబ్దం మొదట్లో బొంబాయి బట్టల మిల్లులకు పనికి పోయే తల్లులు పసిపిల్లలకు "బాలగోళీ" అనే చిన్న మాత్ర వేసి పడుకోబెట్టి వెళ్ళేవాళ్ళు. అందులో ఉండేది నల్లమందే. అంతకు ముందే, 1893లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన నల్లమందు రాయల్ కమిషన్ ముందు కూడా పిల్లలకు నల్లమందు పెట్టే అలవాటు గురించి సాక్షులు చెప్పారు. బిడ్డ ఏడవడం లేదు, కళ్ళు మూసుకుంది, కాబట్టి నిద్రపోయింది అనుకునేవారు.

ఆ బిడ్డ నిజంగా నిద్రపోయిందా? చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, దీనికి జవాబు దొరకడానికి సైన్సుకు నూట యాభై ఏళ్ళకు పైగా పట్టింది. ఆ జవాబు వెతికే దారిలో రెండు పెద్ద సంగతులు బయటపడ్డాయి. ఒకటి, మన తలలో చీకటి పడితే ఊరే ఒక హార్మోను ఉంది. రెండు, మన ఒళ్ళే తనకు కావలసిన నల్లమందును తయారు చేసుకుంటుంది. ఈ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి కూడా. వీటి చరిత్ర తెలిస్తే, ఈ రెండింటి పేరు చెప్పి జరుగుతున్న వ్యాపారాల సంగతీ తెలుస్తుంది.

నేను వైద్యుణ్ణి కాదు, లెక్కల మనిషిని. అందుకని మందులు చెప్పను. చరిత్ర చెబుతాను.

మార్ఫియస్ పేరు ఎలా వచ్చింది

జర్మనీలోని పాడర్‌బార్న్ ఊళ్ళో ఒక మందుల దుకాణంలో ఫ్రీడ్రిక్ సెర్ట్యూర్నర్ అనే కుర్రవాడు సహాయకుడుగా ఉండేవాడు. వయసు ఇరవై దాటిందంతే. నల్లమందు ఒక్కోసారి బాగా పనిచేస్తుంది, ఒక్కోసారి చెయ్యదు, ఒక్కోసారి మనిషినే చంపేస్తుంది. ఎందుకని? ముద్దలో అసలు సరుకు ఎంతుందో ఎవరికీ తెలియదు గనుక. ఆ అసలు సరుకును విడగొట్టాలని 1804 ప్రాంతంలో పని మొదలుపెట్టి తెల్లటి స్ఫటికాలు తీశాడు. ఒక మొక్కలోంచి దాని మందుగుణానికి కారణమైన పదార్థాన్ని శుద్ధంగా తీయడంలో ఇది తొలి విజయాల్లో ఒకటి.

తరవాత దాన్ని తన మీదా, మరో ముగ్గురు యువకుల మీదా పరీక్షించాడు. కొద్దిసేపట్లో మోతాదు మీద మోతాదు వేసుకున్నారు. నలుగురికీ ప్రాణం మీదకు వచ్చింది. చివరికి గాఢమైన వెనిగర్ తాగి వాంతులు చేసుకుని బయటపడ్డారు. 1817లో ఈ ఫలితాలు ప్రకటించాడు. ఆ పదార్థానికి గ్రీకు పురాణాల్లోని కలల దేవుడు మార్ఫియస్ పేరు మీద "మార్ఫియం" అని పేరు పెట్టాడు. అదే తరవాత మార్ఫిన్ అయింది.

ఇక్కడే ఒక వింత ఉంది. మార్ఫియస్ కలల దేవుడు. నిద్రలో మనకు స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చే దశ ఒకటి ఉంది. కనురెప్పల కింద కళ్ళు చకచకా కదులుతాయి కాబట్టి దాన్ని చురుకుకళ్ళ నిద్ర అందాం. 1953లో షికాగోలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ దీన్ని గుర్తించారు. 1969లో అమెరికాలోని లెక్సింగ్టన్ పరిశోధన కేంద్రంలో డొనాల్డ్ కే, ఆయన సహచరులు మనుషులకు మార్ఫిన్ ఇచ్చి రాత్రంతా మెదడు తరంగాలు నమోదు చేశారు. కనిపించిందేమిటి? చురుకుకళ్ళ నిద్ర తగ్గింది. గాఢనిద్ర తగ్గింది. మెలకువ పెరిగింది. మెలకువకూ నిద్రకూ మధ్య జోగడం పెరిగింది. అంటే కలల దేవుడి పేరు పెట్టుకున్న మందు కలల్నే కత్తిరిస్తోందన్నమాట. పైకి కనిపించేదాన్ని బట్టి పేరు పెట్టారు, లోపల జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం.

"మూడో కన్ను"కీ తోకకప్పకీ సంబంధం

ఇక రెండో కథ. మెదడు మధ్యలో బియ్యపు గింజ కన్నా కొంచెం పెద్దదిగా పీనియల్ అనే గ్రంథి ఉంది. మెదడులో చాలా భాగాలు కుడి ఎడమ జంటలుగా ఉంటాయి, ఇది ఒక్కటే ఉంటుంది. 1649లో ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ దీన్ని ఆత్మకు ముఖ్యస్థానం అని రాశాడు. ఆధారం? జంట కాదు గనుక, ఆత్మ ఒక్కటే గనుక! అంతకు మించి ఏమీ లేదు.

1886లో బాల్డ్విన్ స్పెన్సర్ అనే జంతుశాస్త్రవేత్త న్యూజీలాండ్‌లోని టువటారా అనే బల్లిలాంటి జంతువు నడినెత్తి మీద నిజంగానే మూడో కన్ను లాంటి అవయవం ఉందని వివరించాడు. ఇది నికార్సయిన సైన్సు. రెండేళ్ళు తిరగకుండానే, 1888లో దివ్యజ్ఞాన సమాజం వ్యవస్థాపకురాలు మేడమ్ బ్లావట్‌స్కీ తన "సీక్రెట్ డాక్ట్రిన్" గ్రంథంలో దీన్ని వాడేసుకుంది. పూర్వం మనుషులకు మూడో కన్ను ఉండేదనీ, అది కుంచించుకుపోయి పీనియల్ గ్రంథిగా మిగిలిందనీ రాసింది. ఆ సమాజం అప్పటికే తన కేంద్రాన్ని మద్రాసు అడయారుకు మార్చుకుంది. ఇవాళ "ఆజ్ఞాచక్రం అంటే పీనియల్ గ్రంథే, మన ఋషులు ముందే చెప్పారు" అని ఉపన్యాసాల్లో వినిపించే మాటకు మూలం మన ప్రాచీన గ్రంథాల్లో కన్నా 19వ శతాబ్దపు ఈ కలగూరగంపలోనే ఎక్కువ కనిపిస్తుంది.

అసలు సంగతి ధ్యానంలో కాదు, నీళ్ళ తొట్టెలో బయటపడింది. 1917లో మెక్‌కార్డ్, ఆలెన్ అనే ఇద్దరు పశువుల పీనియల్ గ్రంథుల సారాన్ని తోకకప్పల మీద ప్రయోగించారు. అరగంటలో వాటి నల్లటి చర్మం వెలిసిపోయి పారదర్శకంగా మారింది. ఈ సంగతి నలభై ఏళ్ళు పుస్తకాల్లో పడి ఉంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు దాన్ని పట్టుకున్నాడు. ఆయన ఆశ బొల్లి జబ్బుకు మందు కనిపెట్టాలని. కబేళాల నుంచి వేలకు వేలు పశువుల పీనియల్ గ్రంథులు తెప్పించి, ఏళ్ళ తరబడి వడకట్టి, 1958లో ఆ పదార్థాన్ని విడదీశాడు. దానికి మెలటోనిన్ అని పేరు పెట్టాడు. మనుషులకిచ్చి చూస్తే చర్మం రంగు మారలేదు. కాస్త నిద్రమత్తు మాత్రం వచ్చింది. బొల్లి కోసం వెతికితే నిద్ర దొరికింది.

తరవాతి పని జూలియస్ ఆక్సెల్‌రాడ్ ప్రయోగశాలలో జరిగింది. ఈయన కథ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. చాలా కాలం మామూలు ప్రయోగశాల సహాయకుడుగా పనిచేసి, నలభై దాటాక 1955లో డాక్టరేటు తీసుకున్నాడు. 1970లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. పీనియల్ గ్రంథి మెలటోనిన్‌ను ఎలా తయారుచేస్తుందో, వెలుగు పడితే ఎలా ఆపేస్తుందో తేల్చినవాళ్ళలో ఆయన, ఆయన శిష్యులు ముందున్నారు. కంటి మీద పడ్డ వెలుగు వార్త మెదడు అడుగునున్న గడియారానికి పోతుంది. అక్కడినుంచి మెడలోని నరాల ముడి దాకా దిగి, మళ్ళీ పైకి పీనియల్‌కు చేరుతుంది. చీకటి పడితే మెలటోనిన్ ఊరుతుంది, అర్ధరాత్రి దాటాక శిఖరానికి చేరుతుంది, తెల్లవారితే అడుగంటుతుంది. 1980లో ఆల్‌ఫ్రెడ్ లూయీ బృందం రాత్రిపూట 2500 లక్స్ వెలుగు పెడితే మనుషుల్లోనూ మెలటోనిన్ పడిపోతుందని చూపింది. అంటే దీన్ని నడిపేది మంత్రం కాదు, దీపం.

తాళం మనదైతే తాళంచెవి ఎవరిది?

ఆక్సెల్‌రాడ్ శిష్యుల్లో సాలమన్ స్నైడర్ ఒకడు. 1960ల్లో గురువుతో కలిసి ఎలుక పీనియల్‌లో సెరొటోనిన్ రోజువారీ హెచ్చుతగ్గుల మీద పనిచేశాడు. మెలటోనిన్ తయారయ్యేది ఆ సెరొటోనిన్ నుంచే. గురువుగారు మరోపక్క 1950ల్లోనే నల్లమందు జాతి మందుల్ని కాలేయం ఎలా విరిచేస్తుందో పరిశోధించినవాడు. ఒకే గదిలో ఈ రెండు కథలూ ఒకదాన్నొకటి రాసుకుంటూ పోయాయి.

స్నైడర్ బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌కు వెళ్ళాడు. 1973లో ఆయనా, ఆయన విద్యార్థిని కాండేస్ పెర్ట్ కలిసి మెదడులో నల్లమందు వచ్చి అతుక్కునే గ్రాహకాలు ఉన్నాయని చూపించారు. అదే ఏడాది న్యూయార్కులో ఎరిక్ సైమన్, స్వీడన్‌లో లార్స్ టెరెనియస్ విడివిడిగా అదే తేల్చారు. పెర్ట్ వాడింది నాలోక్సోన్ అనే మందు. 1960ల మొదట్లో తయారైన ఈ నాలోక్సోన్ నల్లమందుకు విరుగుడు. గ్రాహకంలో తాను దూరి, మార్ఫిన్‌ను బయటకు తోసేస్తుంది. కథలో ముందు ముందు ఇదే ముఖ్య సాక్షి, గుర్తుపెట్టుకోండి.

మెదడులో తాళం ఉందన్నారు సరే. గసగసాల మొక్క పొలంలో ఉంటుంది, తాళం మన తలలో ఎందుకుంది? మనుషులు నల్లమందు తింటారని ముందే తెలిసి ఎవరూ అమర్చలేదు గదా. కాబట్టి ఒంట్లోనే మరో తాళంచెవి ఉండి తీరాలి. స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో హాన్స్ కోస్టర్లిట్జ్, జాన్ హ్యూస్ ఆ తాళంచెవి కోసం వెతికారు. కోస్టర్లిట్జ్ 1934లో నాజీల జర్మనీ వదిలి వచ్చిన యూదు కుటుంబపు శాస్త్రవేత్త. హ్యూస్ తెల్లవారుజామునే సైకిలు మీద కబేళాకు పోయి పందుల మెదళ్ళు తెచ్చేవాడట. 1975 డిసెంబరులో ఫలితం ప్రకటించారు. అయిదేసి అమైనో ఆమ్లాల చిన్న గొలుసులు రెండు దొరికాయి. గ్రీకులో తలలోనిది అనే అర్థం వచ్చేలా ఎన్‌కెఫాలిన్ అని పేరు పెట్టారు. 1976లో కాలిఫోర్నియాలో సి. హెచ్. లీ ఒంటెల పిట్యూటరీ గ్రంథుల్లో 31 అమైనో ఆమ్లాల బీటా ఎండార్ఫిన్‌ను గుర్తించాడు. ఎండార్ఫిన్ అంటే లోపల పుట్టే మార్ఫిన్ అనే అర్థం.

పశువుల పీనియల్, పందుల మెదళ్ళు, ఒంటెల పిట్యూటరీ. ఏ గ్రంథిలోనూ ఆత్మ దొరకలేదు. దొరికినవన్నీ మనకూ పశువులకూ ఉమ్మడి సొత్తే.

ఒకే తల్లి బిడ్డలు

1977లో రోజర్ గీమన్ బృందం ఎలుకల్లో ఒక సంగతి గమనించింది. ఒంటికి ఒత్తిడి కలిగితే పిట్యూటరీ నుంచి బీటా ఎండార్ఫిన్, మరో హార్మోను, రెండూ కలిసే బయటకు వస్తున్నాయి. ఆ రెండో దాని పేరు ఏసీటీహెచ్. అదే మూత్రపిండాల మీదున్న గ్రంథులకు చెప్పి కార్టిసాల్ పుట్టిస్తుంది. ఎందుకు కలిసి వస్తున్నాయో 1979లో జపాన్‌లోని క్యోటో శాస్త్రవేత్తలు నకనిషి, నుమా బృందం తేల్చింది. ఈ రెండూ ఒకే పెద్ద ప్రోటీను గొలుసు ముక్కలు. ఆ తల్లి గొలుసును ఒకచోట కోస్తే ఏసీటీహెచ్, ఇంకోచోట కోస్తే బీటా ఎండార్ఫిన్, మరోచోట కోస్తే చర్మాన్ని నల్లబరిచే హార్మోను.

చర్మాన్ని నల్లబరిచే ఈ హార్మోనును 1950ల్లో విడదీసింది మరెవరో కాదు, మన లెర్నరే! ఆ హార్మోను కప్ప చర్మాన్ని నల్లబరుస్తుంది, మెలటోనిన్ వెలిసేలా చేస్తుంది. లెర్నర్ చేతిలో అప్పట్లో రెండు సీసాలున్నాయి. ఒకటి నిద్ర హార్మోను. రెండోది ఒంటి నల్లమందుకు తోబుట్టువు. ఆయనకు కావలసింది రంగు గనుక ఆ చుట్టరికం తెలియడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది.

కార్టిసాల్ తెల్లవారే ముందు పెరగడం మొదలుపెట్టి, పొద్దున లేచేసరికి శిఖరం మీద ఉంటుంది. రక్తంలోని బీటా ఎండార్ఫిన్ కూడా ఇంచుమించు అదే దారి పడుతుందని 1981లో నిద్ర దశలతో పాటు కొలిచినవాళ్ళు చూపారు. మెలటోనిన్ దీనికి ఎదురు వరసలో నడుస్తుంది. ఒకటి రాత్రి కాపలా, ఒకటి పగటి కాపలా అనుకోవచ్చు.

రెండు ఖాతాలు కలిసే చోటు

జంట పద్దు విధానంలో ఒక లావాదేవీ రాస్తే రెండు ఖాతాలు కదులుతాయి. ఒంట్లోనూ అలాంటిదే జరుగుతోందా అని 1970ల చివర్లో వెతకడం మొదలైంది.

1977లో ఫ్రెడ్రిక్సన్ బృందం ఎలుకలకు నాలోక్సోన్ ఇచ్చి చూసింది. నొప్పి తట్టుకునే శక్తి రోజంతా ఒకేలా లేదు, వేళను బట్టి మారుతోంది. నాలోక్సోన్ ఇస్తే నొప్పి ఎంత పెరుగుతుందో అదీ వేళను బట్టే మారుతోంది. అంటే ఒంట్లో పుట్టే నల్లమందుకు కూడా టైమ్ టేబుల్ ఉంది. 1981 నుంచి వరసగా వచ్చిన ప్రయోగాల్లో మెలటోనిన్ ఇస్తే ఎలుకలకు నొప్పి తగ్గడం, నాలోక్సోన్ ఇస్తే ఆ ఉపశమనం పోవడం కనిపించింది. సాక్షి చెప్పిందేమిటంటే, మెలటోనిన్ చేస్తున్న పనిలో నల్లమందు గ్రాహకాల చెయ్యి ఉందని.

ఐతే మెలటోనిన్ తానే వెళ్ళి ఆ గ్రాహకాల్లో కూర్చుంటోందా? లేదని 2005లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. మెలటోనిన్‌కు తన సొంత గ్రాహకాలు ఉన్నాయి, వాటిలో మొదటిదాన్ని 1994లోనే గుర్తించారు. అది నల్లమందు తాళంలో పట్టదు. దాని బదులు బీటా ఎండార్ఫిన్ ఎక్కువ విడుదలయ్యేలా చేస్తుంది. తాను తలుపు తియ్యదు, తాళంచెవి ఉన్నవాణ్ణి లేపుతుంది.

ఎదురు దారి కూడా ఉంది. థాయిలాండ్‌లోని మహిడోల్ విశ్వవిద్యాలయపు పియరత్ గోవిత్రపాంగ్ బృందం పశువుల పీనియల్ గ్రంథిలో నల్లమందు గ్రాహకాలు ఉన్నాయనీ, వాటిని తట్టిలేపితే ఆ కణాలు మెలటోనిన్ ఎక్కువ తయారు చేస్తాయనీ చూపింది. అంటే రెండు ఖాతాల మధ్యా రాకపోకలు ఉన్నాయి. గాఢనిద్రలో ఎక్కువగా వెలువడే గ్రోత్ హార్మోను, నిద్రలో పెరిగే ప్రొలాక్టిన్ కూడా నల్లమందు జాతి పదార్థాలకు స్పందిస్తాయి.

ఇక్కడ ఆగి హెచ్చరిక చెప్పాలి. పైవాటిలో చాలావరకు ఎలుకల మీద, గిన్నెల్లో పెంచిన కణాల మీద చేసినవి. ఎలుక రాత్రి తిరిగే జంతువు, దానికి మెలటోనిన్ ఊరే వేళ పని వేళ. వాటికిచ్చిన మోతాదులూ పెద్దవి. మనుషుల్లో ఫలితాలు ఒక తీరుగా లేవు. ఉదాహరణకు పార్శ్వపు తలనొప్పికి మెలటోనిన్ పనిచేయలేదని 2010లో నార్వే పరీక్ష చెప్పింది. పనిచేసిందని 2016లో బ్రెజిల్ పరీక్ష చెప్పింది. ఇలాంటప్పుడు నచ్చిన దాన్ని జేబులో వేసుకుని నచ్చనిదాన్ని పారేయడం హేతువాదం కాదు.

ఊర్మిళ నిద్ర, మార్ఫిన్ నిద్ర

మన ఆడవాళ్ళ పాటల్లో ఊర్మిళాదేవి నిద్ర ప్రసిద్ధం. లక్ష్మణుడు పద్నాలుగేళ్ళు నిద్రపోకుండా అన్నకు కాపలా కాస్తే, అతని వంతు నిద్రను కూడా భార్యే పోయిందని కథ. కథగా అందమైనదే. కాని ఒకరి నిద్ర మరొకరు పోలేరు. అలాగే నిద్ర బదులు మత్తు పోలేదు.

ఎందుకు పోలేదు? గాఢనిద్రలో ఒళ్ళు చేసుకునే మరమ్మతు మత్తులో జరగదు. పైగా నల్లమందు జాతి మందులు ఊపిరిని మందగింపజేస్తాయి. ఎక్కువకాలం వాడేవాళ్ళలో నిద్రలో శ్వాస ఆగి ఆగి రావడం తరచు కనిపిస్తుంది. మోతాదు మించితే ఊపిరే ఆగిపోతుంది. చూసేవాళ్ళకు గురక పెట్టి పడుకున్నట్టే ఉంటుంది, లోపల మనిషి పోతూ ఉంటాడు. బాలగోళీ తిన్న పిల్లల్లో కొందరు లేవకపోవడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి 1998లో బయటపడింది. మెదడులో మెలకువను నిలబెట్టే ఒరెక్సిన్ అనే పదార్థాన్ని రెండు బృందాలు విడివిడిగా కనిపెట్టాయి. 2000లో, ఉన్నట్టుండి నిద్రలోకి జారిపోయే నార్కొలెప్సీ జబ్బులో ఈ ఒరెక్సిన్ కణాలు నశిస్తాయని తేలింది. 2018లో జెరోమ్ సీగల్ బృందం హెరాయిన్‌కు అలవాటుపడి చనిపోయినవాళ్ళ మెదళ్ళు పరీక్షించింది. వాళ్ళలో ఒరెక్సిన్ తయారుచేసే కణాలు మామూలు వాళ్ళకన్నా సగటున సగానికి పైగా ఎక్కువ కనిపించాయి. "నిద్ర మందు" అనుకున్నది మెలకువ కణాల లెక్కను పెంచుతోంది! అలవాటు మానబోయినవాడికి వారాల తరబడి నిద్ర పట్టకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. నిద్ర పట్టక మళ్ళీ దానికే పోతాడు. ఒరెక్సిన్‌ను అడ్డుకునే సువొరెక్సాంట్ అనే మందు మానుకునే వాళ్ళకు నిద్ర పట్టడానికి సాయపడిందని 2022లో జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళ ఒక చిన్న పరీక్ష చూపింది. "వాడికి మనోబలం లేదు" అని తేల్చిపారేసే పెద్దలు ఈ సంగతి ఆలోచించాలి.

తిరగేసి చూస్తే, నిద్ర తగ్గితే నొప్పి పెరుగుతుంది. 2007లో మైకేల్ స్మిత్ బృందం ఆరోగ్యంగా ఉన్న స్త్రీలను రాత్రంతా మధ్యమధ్యలో లేపుతూ పరీక్షించింది. నిద్ర ముక్కలైన వాళ్ళలో ఒంటికి సహజంగా ఉండే నొప్పిని అణిచే శక్తి తగ్గింది, ఏమీ చెయ్యకుండానే ఒళ్ళు నొప్పులు వచ్చాయి. అంతే సేపు పడుకున్నా, ఆలస్యంగా పడుకుని ఒకే దఫాగా పోయినవాళ్ళకు అంత నష్టం లేదు. పసిబిడ్డ తల్లి, రాత్రి డ్యూటీ చేసే నర్సు, మోకాళ్ళ నొప్పితో గంటకోసారి లేచే మా వయసువాళ్ళు, అందరికీ ఇది వర్తిస్తుంది. నొప్పి నిద్రను చెడగొడుతుంది, చెడిన నిద్ర నొప్పిని పెంచుతుంది.

ఆనంద హార్మోన్ల బజారు

ఇక వ్యాపారం సంగతి. "మా శిబిరంలో మూడు రోజులు కూర్చుంటే పీనియల్ తెరుచుకుంటుంది, ఎండార్ఫిన్లు వరదలా పారతాయి, మందులు మానేయొచ్చు" అనే ప్రచారం మనం వింటూనే ఉన్నాం. ఇందులో సైన్సు మాటలున్నాయి, సైన్సు లేదు.

విభూతి పెడితే, తాయెత్తు కడితే కొందరికి నొప్పి నిజంగానే తగ్గుతుంది. దానికీ జవాబుంది. 1978లో లెవీన్, గోర్డన్, ఫీల్డ్స్ అనే ముగ్గురు పన్ను పీకించుకున్నవాళ్ళకు మందు లేని ఉత్త ఇంజక్షన్ ఇచ్చారు. కొందరికి నొప్పి తగ్గింది. నాలోక్సోన్ ఇస్తే ఆ తగ్గింపు పోయింది. నమ్మకం ఒంటి నల్లమందును కదిలించిందన్నమాట. కాబట్టి ఉపశమనం పొందినవాణ్ణి అబద్ధాలకోరు అనకండి. కాని ఆ మహిమ బాబాది కాదు, అతని మెదడుది. పైగా అది నొప్పి తెలియకుండా చేస్తుందే గాని, నొప్పికి కారణమైన గడ్డను కరిగించదు. ఆ తేడా తెలియక ఆస్పత్రికి ఆలస్యంగా చేరేవాళ్ళు ఎందరో.

మాత్రల అంగడిదీ అదే తీరు. 2017లో కెనడాలోని గెల్ఫ్ విశ్వవిద్యాలయం వాళ్ళు దుకాణాల్లో అమ్మే 31 రకాల మెలటోనిన్ సరుకును పరీక్షించారు. చీటీ మీద రాసినదానికి కొన్నిటిలో 83 శాతం తక్కువుంది, కొన్నిటిలో 478 శాతం దాకా ఎక్కువుంది. ఎనిమిదింటిలో చీటీ మీద లేని సెరొటోనిన్ ఉంది. రక్షణ శాఖ లెక్కల్లో బతుకంతా గడిపినవాడిగా చెబుతున్నాను, ఏ గోదాములోనైనా పుస్తకంలోని నిల్వకూ బీరువాలోని నిల్వకూ ఇంత తేడా వస్తే ఆ స్టోర్ కీపరు మర్నాడు కుర్చీలో ఉండడు. "సహజం" అని రాసి ఉంటే చాలని మనం మాత్రం మింగేస్తున్నాం.

అలాగని మార్ఫిన్‌ను దెయ్యంగా చూడటమూ మూఢత్వమే. 1985లో వచ్చిన మత్తుపదార్థాల చట్టంలోని కఠిన నిబంధనలకు భయపడి ఆస్పత్రులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. నల్లమందును చట్టబద్ధంగా పండించే దేశంలో క్యాన్సరు రోగులు నొప్పితో అరుస్తూ పోయారు. 2014లో చట్టం సవరించాక దారి కొంత సులువైంది. ఇంకోవైపు విచ్చలవిడిగా అమ్ముడైన ట్రమడాల్‌ను 2018లో అదే చట్టం కిందికి తెచ్చారు. క్యాన్సరు నొప్పికి డాక్టరు ఇచ్చే మార్ఫిన్ దయ. నిద్ర పట్టడం లేదని సొంతంగా మింగే నొప్పిమాత్ర ఆపద. మందు ఒకటే, వాడే కారణం వేరు.

మొదటి ప్రశ్నకు జవాబు ఇప్పుడు స్పష్టమే. ఆ మిల్లు కార్మికురాలి బిడ్డ నిద్రపోలేదు, మత్తులో పడి ఉంది. తల్లిని తప్పుపట్టలేం. బిడ్డను చూసుకునే చోటు చూపించకుండా ఆమెను పన్నెండు గంటల పనికి నిలబెట్టిన వాళ్ళది ఆ తప్పు. రాత్రి చీకటిగా ఉండాలి, గది నిశ్శబ్దంగా ఉండాలి, మనిషికి ఒకే దఫాగా నిద్రపోయే తీరిక ఉండాలి. అప్పుడు ఒంటి ఖాతాలు వాటంతటవే సరిపోతాయి. వీటికి గురువు అక్కర్లేదు, గుళికా అక్కర్లేదు. కాని ఆ చీకటి, ఆ నిశ్శబ్దం, ఆ తీరిక ఎంతమందికి దొరుకుతున్నాయో ఆలోచించండి.